‘ఆగండి’ అనే డైలాగు

కబురు వచ్చేసరికి పిచ్చుక స్టూలెక్కి పడగ్గది కిటికీకి కర్టెన్లు తగిలిస్తోంది. స్టూలుకి ఒక కాలు పొట్టి. దాని కింద మడిచిన అట్టముక్క పెట్టి, అదీ చాలదని భర్త నేల మీద గొంతుక్కూర్చుని రెండు చేతులతో స్టూలు పట్టుకున్నాడు. పెళ్ళయి ఇంకా నెల నిండలేదు. ఒకరు చేస్తే ఇట్టే తెమిలిపోయే పని ఇద్దరూ కలిసి చేస్తే పూటంతా పడుతోంది. అయినా ఎవరికీ తొందర లేదు. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఆనుకుని నిలబడటం చూసి కూడా ఆమెకి రోజూ పొద్దున్నే నవ్వొస్తోంది.

అతని చొక్కా జేబులో ఆమె ఫోను మోగింది.

"ఎలుగుబంటి అని ఉంది," అన్నాడతను తీసి చూసి. "ఎత్తనా, పారిపోనా?"

"ఎత్తి నా చెవి దగ్గర పెట్టు. చేతులు ఖాళీ లేవు."

ఎలుగుబంటి ఆమె క్లాస్‌మేటు. యూనివర్సిటీలో రంగస్థల కళల కోర్సులో చేరిన కొత్తలో మాస్టారు అందరికీ ఒక పని పెట్టారు. ఎవరికి వాళ్ళు ఒక జీవిని ఎంచుకుని, దాన్ని రోజూ చూసి చూసి, తర్వాత క్లాసులో దానిలాగే నడవాలి, తినాలి, భయపడాలి. ఆ పాఠం అయిపోయింది గానీ పేర్లు అతుక్కుపోయాయి. హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎవరి అసలు పేరూ ఎవరికీ గుర్తు రాదు. పిచ్చుక పిచ్చుకే. పొడుగు మెడమ్మాయి కొంగ. గుమ్మం నిండేంత మనిషి, పిల్లినైనా గట్టిగా అదిలించలేనివాడు, ఎలుగుబంటి.

"పిచ్చుకా, కూర్చున్నావా, నిలబడ్డావా?" అన్నాడు ఎలుగు.

"స్టూలు మీదున్నా."

"అయితే ముందు దిగు. మన నాటకంలో హీరోయిన్ వేషం నీకే ఇచ్చారు. మాస్టారు ఇప్పుడే చెప్పి వెళ్ళారు. రేపట్నుంచి నీతోనే రిహార్సలు."

ఆమె దిగలేదు. చేతిలో ఉన్న కర్టెను గుండెలకి హత్తుకుంది. ఇంతసేపూ ఒక్కొక్కటిగా ఎక్కించిన రింగులన్నీ జలజలా జారి భర్త నెత్తి మీద పడ్డాయి. అతను తల రుద్దుకుంటూ పైకి చూసి, ఆమె ముఖం చూసి, సంగతి తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టాడు. ఫైనల్ ఇయర్ నాటకం. వాళ్ళకి పరీక్షా అదే, ఊళ్ళో నాటకాలాడించే వాళ్ళందరూ వచ్చి చూసేదీ అదే. రెండేళ్ళుగా పిచ్చుకకి వచ్చినవన్నీ పనిమనిషి, పక్కింటావిడ, ఒకసారైతే గోడ వెనక గొంతు.

"నిజంగా?" అంది. "ఒట్టు?"

"ఒట్టు."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ వేషం ఊరికే ఖాళీ అవలేదు. మొన్నటిదాకా అది కొంగ వేషం.

"కొంగకి ఎలా ఉంది?" అని అడిగింది.

ఎలుగు గొంతు తగ్గించాడు.

"భుజం కీలు తప్పింది కదా. కట్టు కట్టారంట. ఈ సెమిస్టరు ఇక లేనట్టే. వార్మప్ సరిగ్గా చేయలేదంట. మాస్టారన్నారు." ఎలుగు గొంతు సవరించుకున్నాడు. "సరే, రేపు కలుద్దాం."

ఫోను పెట్టేశాక కూడా ఆ ‘అంట’ ఆమె చెవిలోనే ఉండిపోయింది. ఆ రోజు రిహార్సల్లో కొంగ చెయ్యి పట్టుకుని ఉన్నవాడు ఎలుగే. తన చేతిలో జరిగినదాన్ని ఎవరో చెబితే విన్నట్టు చెబుతున్నాడు.

"ఏంటి విశేషం? స్వీటు తేవాలా, ఐస్‌క్రీమా?" అన్నాడు భర్త రింగులు ఏరుతూ.

ఆమె స్టూలు దిగి అతని పక్కన నేల మీదే కూర్చుంది. చెప్పింది. అతను చప్పట్లు కొట్టి, చేతులు పట్టుకుని లేపి, గదిలో ఒక చుట్టు తిప్పాడు. కళ్ళద్దాల దుకాణంలో రోజంతా మనుషుల చూపు కొలిచే మనిషి కాబట్టి, ఎవరి ముఖమైనా కాస్త దగ్గరికి వచ్చి చూడటం అతనికి అలవాటు. అలాగే చూసి, "సంతోషం ఒక కంట్లోనే కనిపిస్తోంది. రెండో కంట్లో ఏంటి?" అని అడిగాడు.

"ఏం లేదు. చెయ్యి విరిగిన వేషం."

"ఎవరి చెయ్యి?"

"నాది కాదులే," అంది. అన్నాక ఎందుకో తన కుడి భుజాన్ని ఎడమ చేత్తో ఒకసారి తడుముకుంది.

*

రిహార్సల్ హాలు ఒకప్పుడు గోడౌను. కిటికీలు ఎత్తులో ఉన్నాయి, వాటికి నల్ల గుడ్డలు కొట్టారు. సెట్టు ఇంకా కట్టలేదు కాబట్టి నేల మీద తెల్ల టేపుతో ఇల్లు గీశారు. ఇక్కడ గుమ్మం, ఇక్కడ పొయ్యి, ఇక్కడ మంచం. కొత్తవాళ్ళు ఆ గీతలు దాటుకుని ఎటుపడితే అటు నడుస్తారు. పాతవాళ్ళు నీళ్ళు తాగడానికి వెళ్ళాలన్నా చుట్టూ తిరిగి, టేపు గుమ్మంలోంచే బయటికి పోతారు.

నాటకం కథ చిన్నదే. వీధి వెడల్పు చేయడానికి ఒక ఇంటిని కూల్చేస్తున్నారు. ఇంట్లో ఒంటరిగా మిగిలిన ఆడమనిషి కదలనంటుంది. చివరికి ఒక గార్డు వచ్చి, ఆమె చెయ్యి వెనక్కి విరిచి పట్టుకుని, మంచం దగ్గర్నుంచి గుమ్మందాకా ఈడ్చుకుపోతాడు. లైట్లు మెల్లగా ఆరిపోతాయి. నాటకమంతా ఆ ఈడ్పు కోసమే. ఆ సీనులో గార్డుకి మాటల్లేవు. ఆమెకి ఉన్నది ఒక్కటే మాట, ‘ఆగండి’.

కొంగ పడిన రోజు పిచ్చుక తెర పక్కన నిలబడి ఉంది. ఎవరైనా డైలాగు మర్చిపోతే అందించడం అప్పుడు ఆమె పని. ఆ సీనులో అందించడానికేం ఉండదు కాబట్టి చేతులు కట్టుకుని చూసింది. కొంగ ఆ రోజు చేసినట్టు ఇంకెప్పుడూ చేయలేదు. లైటు ఆరాక చీకట్లో అందరూ చప్పట్లు కొట్టారు. పిచ్చుకా కొట్టింది. లైటు వెలిగాక చూస్తే కొంగ టేపు గుమ్మం మీద పక్కకి ఒరిగి ఉంది. చెయ్యి ఉండాల్సిన చోట లేదు.

ఇప్పుడు అదే గుమ్మం పక్కన నిలబడి, అందరితోపాటు మెడ తిప్పుతూ, భుజాలు తిప్పుతూ వార్మప్ చేస్తోంది. చేసినదే మళ్ళీ చేసింది. అందరూ ముగించాక కూడా కుడి భుజాన్ని తిప్పుతూనే ఉంది.

"చాలమ్మా పిచ్చుకా, ఎగిరిపోతావు," అన్నారు మాస్టారు. హాలంతా నవ్వింది. మాస్టారి జోకుకి నవ్వడంలో ఆ పిల్లలకి మంచి శిక్షణ ఉంది.

మాస్టారు పొట్టి మనిషి. గొంతు మాత్రం ఆజానుబాహువు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని రిహార్సలు వింటారు. చూస్తే మోసపోతామనీ, వింటేనే అబద్ధం పట్టుబడుతుందనీ ఆయన నమ్మకం.

మధ్యలో నిచ్చెన మీద లైట్లు బిగిస్తున్న అమ్మాయి "ఆగండి" అంది. అంత గట్టిగా కూడా అనలేదు. అంతే, ఎత్తిన కాలు ఎత్తినట్టే, తెరిచిన నోరు తెరిచినట్టే అందరూ బొమ్మల్లా ఆగిపోయారు. మాస్టారు కూడా తాగుతున్న టీ గ్లాసును పెదాల దగ్గరే ఆపారు. పైనుంచి ఒక పానా జారి ఖంగుమని నేల మీద పడింది. ఆ అమ్మాయి "సారీ, కానివ్వండి" అన్నాక అందరూ మళ్ళీ కదిలారు. ఆ హాల్లో మొదటి రోజు నేర్పే మొదటి పాఠం అది. దెబ్బ తగిలినా, తగలబోతున్నా, ఎవరైనా సరే ఆ మాట అనొచ్చు. అన్నాక ఎంతటివాళ్ళయినా ఆగాలి. ఎందుకని అడగకూడదు.

పిచ్చుకకి ఏదో తేడాగా అనిపించింది. ఎందుకో ఆమెకే తెలియలేదు. ఏదో మర్చిపోయి ఇల్లు తాళం వేసి వచ్చినట్టుంది. గ్యాస్ కట్టేశానా అని ఒకసారి ఆలోచించింది కూడా. కట్టేసింది.

ఈడ్చే సీను ఊరికే ఒకసారి నడిచి చూద్దామన్నారు మాస్టారు. ఎలుగు వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. అరచెయ్యి చల్లగా, తడిగా ఉంది. గుడ్డును పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "ఆగండి," అంది పిచ్చుక. అతని వేళ్ళు ఇంకా వదులయ్యాయి.

"పట్టుకోవయ్యా," అన్నారు మాస్టారు కళ్ళు తెరవకుండానే. "అది చెయ్యి. పెళ్ళిచూపుల్లో కాఫీ కప్పు కాదు."

మళ్ళీ నవ్వులు. ఎలుగు నవ్వలేదు.

"సార్, ఆ మాట ఎన్నిసార్లు అనాలి?" అని అడిగింది పిచ్చుక. గొంతు మామూలుగానే ఉందనుకుంది.

"ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు. లెక్కపెట్టుకునేవాళ్ళు నటులు కాలేరు. లైటు ఆరేదాకా అంటూనే ఉండు. నువ్వు ఎంత అన్నా వాడు ఆగడు. అదీ సీను." ఆయన కళ్ళు తెరిచి ఆమెవైపు చూశారు. ప్రేమగానే చూశారు. "ఇంటి దగ్గర బాగా సాధన చెయ్. ఎల్లుండి పూర్తిగా చేద్దాం. నీలో విషయం ఉందని నాకు ముందునుంచీ తెలుసు."

రెండేళ్ళుగా ఆ మాట కోసమే ఆమె ఎదురుచూసింది. అయినా బస్సులో ఇంటికి వస్తూ దారంతా కడ్డీని ఎడమ చేత్తోనే పట్టుకుంది.

*

"నువ్విప్పుడు గార్డువి," అంది మర్నాడు సాయంత్రం. మంచాన్ని గోడకి జరిపి, నేల మీద సుద్దముక్కతో గుమ్మం గీసింది. "నా చెయ్యి ఇలా వెనక్కి పట్టుకుని అక్కడిదాకా లాక్కుపో. నేనేమన్నా ఆగొద్దు."

"గార్డుకి జీతమెంత?"

"టీ. రెండు బిస్కట్లు."

"ఒప్పుకున్నా." అతను లేచి, చొక్కా చేతులు మడిచి, కనుబొమ్మలు ముడేసి, మీసం లేని చోట మీసం మెలేశాడు. పిచ్చుకకి నవ్వాగలేదు. నవ్వి నవ్వి, తమాయించుకుని, కళ్ళు మూసుకుని మంచం పక్కన కూర్చుంది. అతను చెయ్యి పట్టుకుని లాగాడు.

"ఆగండి," అంది.

అతను టక్కున ఆగి వీధి తలుపువైపు చూశాడు. "అమ్మ వచ్చిందా?"

అత్తయ్య ముందు అతన్ని ‘మీరు’ అంటుంది. తలుపు వేసుకుంటే ‘నువ్వు’. పెళ్ళయిన వారానికే ఇద్దరూ కుదుర్చుకున్న ఒప్పందమది. పిచ్చుక నవ్వుతూ నేల మీద పడిపోయింది. "అది డైలాగు, మహానుభావా. గార్డుతో అంటున్నా."

"ఓహో. సరే, మళ్ళీ."

మళ్ళీ పట్టుకున్నాడు. రెండడుగులు లాగాడు. ఆమె ఈసారి గొంతు పెంచి, ఏడుపు కలిపి అంది. "ఆగండి..."

ఆగిపోయాడు. "నొప్పేసిందా?"

"లేదు. నటన. నువ్వు లాగుతూనే ఉండాలి."

"సరే సరే. ఈసారి చూడు, రాక్షసుణ్ణే."

మూడోసారీ ఆగాడు. నాలుగోసారి పళ్ళు బిగించి గుమ్మం గీతదాకా వచ్చేశాడు గానీ, అక్కడ ఆమె "ఆగండి" అనేసరికి చేతులు వాటంతట అవే వదిలేశాయి. వదిలేసిన చేతుల్ని తప్పు చేసిన పిల్లల్ని చూసినట్టు చూసుకున్నాడు.

"నావల్ల కాదు," అన్నాడు. "తెలుసు, నటనే అని తెలుసు. కానీ నువ్వలా అంటుంటే ఎలా లాగను? నాకు టీ ఏమీ వద్దులే."

"అంత కష్టమేముంది? ఎలుగు లాగలేదూ? కొంగ ఎంతలా అన్నా..."

ఆ మాట అక్కడే తెగిపోయింది.

సాయంత్రపు ఎండ కొత్త కర్టెన్లలోంచి వచ్చి గదంతా పసుపుపచ్చగా ఉంది. పక్కింట్లో ఎవరో మిక్సీ వేశారు. పిచ్చుక చేతిలో సుద్దముక్కను అలాగే పట్టుకుని నిలబడిపోయింది. చీకట్లో తను కొట్టిన చప్పట్లు మళ్ళీ చెవిలో మోగాయి. ఆ రోజు కొంగ ఆ మాట అంటూనే ఉంది. గొంతు చీరుకుపోయేలా అంది, తర్వాత గొంతు లేకుండా కూడా అంది. హాల్లో అందరూ విన్నారు. మామూలుగా అయితే అదే మాటకి పానా కింద పడకముందే బొమ్మలైపోయే మనుషుల్లో ఆ రోజు ఒక్కరూ ముందుకి రాలేదు, ఒక్కరూ ఆపలేదు. ఎందుకంటే అది డైలాగు.

"ఏంటి? ఏమైంది?" అన్నాడు భర్త. ముఖం దగ్గరికి తెచ్చి చూశాడు.

"కొంగ ఆగమంది," అంది పిచ్చుక. "నిజంగానే ఆగమంది. మేం బాగా చేస్తోందనుకున్నాం."

అతనికి అర్థమవడానికి ఆమె హాలు చట్టమంతా చెప్పాల్సి వచ్చింది. విన్నాక అతను ఆమె కుడి భుజంవైపు చూశాడు.

"అయితే రేపు నీకేదైనా అయితే, ఎలా చెబుతావు?"

అదే ఆమె ఆలోచిస్తున్నది కూడా. అరిస్తే నటన. ఏడిస్తే నటన. తన్నుకుంటే ఇంకా మంచి నటన.

"వదిలేస్తే?" అన్నాడతను మెల్లగా. "వేషం వద్దని చెబితే?"

"వదిలేస్తే మళ్ళీ గోడ వెనక గొంతే," అంది. అతను టీ పెట్టడానికి లేచి వెళ్ళాడు. పంచదార వేశాడో లేదో మర్చిపోయి రెండుసార్లు వేశాడు. ఇద్దరూ ఆ పానకాన్నే తాగారు.

*

కొంగ వాళ్ళ అక్క ఇంట్లో ఉంటోంది. మూడో అంతస్తు. మర్నాడు రిహార్సలుకి ముందే పిచ్చుక వెళ్ళింది. తలుపు తీసిన అక్క చేతిలో దువ్వెన ఉంది. వెనకాల కొంగ కుర్చీలో కూర్చుని, సగం జడ అల్లిన తలతో, కుడి చెయ్యి మెడకి వేలాడదీసిన గుడ్డలో పెట్టుకుని ఉంది. ఆ పొడుగు మెడ ఒక పక్కకి వంగిపోయి ఉండటం చూసి పిచ్చుక గుమ్మంలోనే ఆగింది.

"రావే, కొత్త హీరోయినూ," అంది కొంగ. "అలా నిలబడ్డావేంటి, ఎంట్రీ మర్చిపోయావా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎలుగు. ఫోన్ చేస్తాడు. రోజూ చేస్తాడు. ఎలా ఉంది అంటాడు, బాగుంది అంటాను, ఇద్దరం ఊరుకుంటాం. తర్వాత వాడు పెట్టేస్తాడు."

అక్క జడ మిగతా సగం అల్లుతూ అంది. "తిండి ఎడమ చేత్తో తింటోంది. జడ నేను వేస్తున్నా. మీ మాస్టారొచ్చి యాపిల్స్ ఇచ్చి వెళ్ళాడు. ఆ రోజు నీ జీవితంలో బెస్ట్ నటనమ్మా అన్నాడు. యాపిల్స్ కుళ్ళితే పారేయొచ్చు, ఆ మాటని ఏం చేయను?"

"అక్కా, ఊరుకో."

"నేనెందుకు ఊరుకోవాలి? నువ్వు ఊరుకో, నటివి కదా."

పిచ్చుక మంచం అంచున కూర్చుంది. బస్సులో అడగాలనుకున్నవన్నీ కలగాపులగమైపోయాయి. "నువ్వు ఆగమన్నావు కదా," అని మాత్రం అంది.

అక్క చేతిలో దువ్వెన ఆగింది.

"నీకు తెలిసిందా?" అంది కొంగ.

"నిన్న తెలిసింది."

"ఇన్ని వారాలు ఆ డైలాగు చెప్పాను. నాకే తట్టలేదు. చెయ్యి జారుతుంటే తట్టింది. అరే, ఇప్పుడు నేనేమనాలి, ఉన్న ఒక్క మాటా సీనులో పెట్టేసుకున్నామే అని." ఆమె నవ్వబోయి, భుజం కదిలి, ముఖం చిట్లించింది. "ఎలుగు తప్పేం లేదు. వాణ్ణి ఆగొద్దన్నారు, వాడు ఆగలేదు. నువ్వయినా ఏం చేస్తావు? చప్పట్లు కొట్టావా?"

పిచ్చుక తల వంచుకుంది.

"కొట్టే ఉంటావు. నేనున్నా కొట్టేదాన్నే," అంది కొంగ. "వార్మప్ చేయలేదని అన్నారంట కదా? నేను వార్మప్ చేయకపోవడమేంటే? మీరందరూ వచ్చేసరికే నేను చెమటలు పట్టి ఉంటాను."

"మాస్టారితో చెప్పావా?"

"చెప్పా. ఆ టైములో మనకి ఏది నటనో ఏది నిజమో తెలియదమ్మా, అదే గొప్పతనం అన్నారు." కొంగ కిటికీవైపు చూసింది. "ఇవ్వాళ పూర్తిగా చేస్తారా ఆ సీను?"

"ఆఁ."

"భయంగా ఉందా?"

పిచ్చుక తలూపింది. కొంగ ఎడమ చెయ్యి చాచి ఆమె చెంప మీద ఒక్కటి వేసింది, ముద్దుగానే. "కొత్త పెళ్ళికూతురివి. రెండు చేతులతో ఇంటికెళ్ళు."

*

హాల్లోకి అడుగుపెట్టేసరికే మాస్టారు కుర్చీలో ఉన్నారు. పిచ్చుక తిన్నగా ఆయన దగ్గరికి వెళ్ళింది. కొంగ ఇంటి మెట్లు దిగుతూ మనసులో పెట్టుకున్న మాటలు ఆయన ముందుకొచ్చేసరికి మూడొంతులు జారిపోయాయి.

"సార్, ఆ డైలాగు మార్చుకోవచ్చా? వేరే ఏదైనా మాట..."

"ఏ డైలాగు?"

"ఆగండి అనేది. నిజంగా ఆగమనాల్సి వస్తే మనకి మాట లేకుండా పోతోంది సార్."

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "ఆ మాట తీసేస్తే నాటకమే లేదు," అన్నారు మెత్తగా. "భయంగా ఉంటే చెప్పమ్మా. తప్పేం లేదు. పెళ్ళయినవాళ్ళకి సవాలక్ష ఉంటాయి, నేను అర్థం చేసుకోగలను. ఇంకెవరికైనా ఇస్తాను."

"భయం లేదు సార్," అంది పిచ్చుక. ఆ హాల్లో అంత చెత్తగా ఆమె ఎప్పుడూ నటించలేదు. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి కాబట్టి పట్టుకోలేకపోయారు.

సీను మొదలైంది. ఆమె టేపు మంచం పక్కన కూర్చుంది. ఎలుగు టేపు గుమ్మంలోంచి వచ్చాడు. వంగి చెయ్యి పట్టుకుంటున్నప్పుడు అతని ఊపిరి వినపడింది, మెట్లెక్కి వచ్చినవాడిలా. వెనక్కి తిప్పి లేపాడు.

"ఆగండి."

వదిలేశాడు.

"మళ్ళీ," అన్నారు మాస్టారు.

మళ్ళీ పట్టుకున్నాడు. "ఆగండి," అంది. మళ్ళీ వదిలేశాడు. ఈసారి చేతుల్ని వెనక్కి దాచుకున్నాడు. హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. పిచ్చుక అతని ముఖంలోకి చూసింది. నిన్నమొన్నటిదాకా ఈ చేతులకే ఆమె భయపడింది. ఆ చేతులకి అతను తనకంటే ఎక్కువ భయపడుతున్నాడని ఇప్పుడు కనిపించింది.

"ఏంటయ్యా నీ బాధ?" అన్నారు మాస్టారు.

"రావట్లేదు సార్."

"ఏం రావట్లేదు? అమ్మాయి చెబుతోందిగా భయం లేదని." ఆయన కుర్చీలోంచి లేచారు. చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ టేపు గోడ దాటి తిన్నగా ఇంట్లోకి వచ్చేశారు. "పక్కకి జరుగు. చూసి నేర్చుకో. లైటు తగ్గించండి."

ఆయన చెయ్యి ఎండిన కట్టెలా గట్టిగా ఉంది. మణికట్టు దొరికిన మరుక్షణం పిచ్చుక చెయ్యి వీపు వెనక్కి పోయింది. మోకాళ్ళు నేలని వదిలాయి.

"ఆగండి," అంది.

"చూశావా? బలం మోచేతిలో కాదు, నడుములో పెట్టాలి," ఆయన ఆమె తల మీదుగా ఎలుగుతో చెబుతున్నారు. అడుగు వేశారు. ఇంకో అడుగు. "బరువంతా నీ వెనక్కి వాలాలి. అప్పుడు మనిషి తనే వస్తుంది."

భుజంలో ఏదో పటుక్కుమంది. చెవుల్లో హోరు మొదలైంది. "ఆగండి... ఆగండి..." అంటోంది పిచ్చుక. తన గొంతు తనకే వినిపిస్తోంది. అదీ అసలు భయం. అంత నొప్పిలోనూ ఆ గొంతు చక్కగా పలుకుతోంది. ప్రతి అక్షరమూ విడిగా, స్పష్టంగా, చివరి వరసదాకా వెళ్ళేలా, పొట్టలోంచి ఊపిరి తీసుకుని, రెండేళ్ళు నేర్చుకున్నది నేర్చుకున్నట్టే పలుకుతోంది. అది విన్నవాళ్ళెవరూ ఆగరు. తనైనా ఆగదు. చీకట్లో క్లాసు పిల్లలు ముందుకి వంగి చూస్తున్నారు. ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, మెచ్చుకోలుతో.

"భేష్," అన్నారు మాస్టారు. "అదీ. అలా రావాలి."

గుమ్మం గీత ఇంకా అంత దూరంలో ఉంది. పిచ్చుక అరవడం మానేసింది. ఊపిరి ఉన్నంతలో, ఇంట్లో పొయ్యి దగ్గర మాట్లాడే గొంతుతో, మాస్టారి ముఖంలోకి చూసి అంది.

"ఆగు."

చిన్న మాట. రెండో వరసకి కూడా చేరి ఉండదు. అయినా హాలంతా బిగుసుకుపోయింది. మాస్టారిని ‘నువ్వు’ అన్నవాళ్ళు ఆ గోడల మధ్య ఇంతవరకూ లేరు. ఆయన చెయ్యి దానంతట అదే పట్టు వదిలేసింది. ఆమె నొప్పికి కాదు, ఆ మాటకి వదిలేసింది. పిచ్చుక మోకాళ్ళ మీద కూలబడి, చెయ్యిని ఒళ్ళోకి తెచ్చుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే ఆడించి చూసింది. ఆడుతున్నాయి.

"ఏమన్నావు?" అన్నారు మాస్టారు.

ఆమె ఇంకా వేళ్ళు ఆడిస్తూనే ఉంది.

"ఆగమంది సార్," అన్నాడు ఎలుగు.

"డైలాగు ఆగండి కదా."

"అది డైలాగు కాదు సార్," అంది పిచ్చుక. గొంతు వణుకుతోంది. దాన్ని సవరించే ప్రయత్నం చేయలేదు. "ఇందాక అన్నవి కూడా డైలాగులు కావు. నిజంగానే అన్నాను. మీకు తెలియలేదు. ఎవరికీ తెలియలేదు."

నిచ్చెన దగ్గరున్న అమ్మాయి ఎవరూ చెప్పకుండానే హాలు లైట్లన్నీ వేసింది. ఒక్కసారిగా వెలుగు పడేసరికి అందరూ కళ్ళు చికిలించారు. మాస్టారు తన అరచేతిని ఒకసారి తిప్పి చూసుకున్నారు. తర్వాత ఆమె మణికట్టు మీద ఎర్రగా అచ్చుపడిన వేళ్ళను చూశారు. చాలాసేపు చూశారు. నోట్లోనే ఏదో అన్నారు గానీ, అంతటి గొంతూ ఆ పూట బయటికి రాలేదు.

"కొంగ కూడా ఆ రోజు డైలాగు చెప్పలేదు సార్," అంది పిచ్చుక.

ఎలుగు వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. అతని భుజాలు అదురుతున్నాయి. ముఖం మాత్రం ఎవరికీ కనపడకుండా మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

"అయితే ఇప్పుడేమంటావు?" అన్నారు మాస్టారు చివరికి. ఆ ప్రశ్నలో కోపం ఎంతుందో, ఇంకేదైనా ఉందో ఆమెకి అంతు చిక్కలేదు. ఆయన ఒక్క మాట అంటే వేషం పోతుంది. ఇప్పుడే అనొచ్చు. అన్నా అనకపోయినా ఇక వెనక్కి తీసుకోవడానికి మాట మిగల్లేదు. పిచ్చుక లేచి నిలబడింది.

"రేపు కొంగను ఇక్కడికి తీసుకొస్తాను సార్. మీ కుర్చీలో కూర్చోబెడదాం. ఆ రోజు ఎక్కడ నొప్పేసిందో, ఎప్పుడు నిజంగా ఆగమందో మనందరికీ చెబుతుంది. వార్మప్ సంగతి కూడా అప్పుడే అడుగుదాం. అది విన్నాక, నిజంగా ఆగమనడానికి నాటకంలో లేని మాట ఒకటి ఆమే పెడుతుంది. అప్పుడు నేనీ సీను చేస్తాను."

మాస్టారు సరేననలేదు. వద్దనీ అనలేదు. కుర్చీ దాకా వెళ్ళి, కూర్చోకుండా దాని వీపు పట్టుకుని నిలబడ్డారు.

ఎలుగు తల ఎత్తాడు. "ఎన్నింటికి?" అన్నాడు.

"పొద్దున్నే. నువ్వూ రా," అంది పిచ్చుక. "వాళ్ళది మూడో అంతస్తు. మెట్లు దిగేటప్పుడు పట్టుకునే కమ్మీ కుడివైపే ఉంటుంది, ఆమెకి పనికిరాదు. ఎడమ చెయ్యి నువ్వు పట్టుకుని దింపాలి."